పుట్ట లేని చీమ

ఏప్రిల్ 14, 2024

ఈ చీమకు పుట్ట లేదు. మన్ను తవ్వదు, ఆకులు కుట్టదు, మోడు తొలవదు. రెండు పలకరాళ్ల మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ దొరికితే అందులోనే కాపురం. ఒక రాణి, మహా అయితే నాలుగు వందల పనిచీమలు, గుడ్లు, లార్వాలు, ప్యూపాలు అన్నీ ఒకే నేల మీద పరుచుకుని ఉంటాయి. గదులు లేవు, సొరంగాలు లేవు.

చోటు ఇంగ్లండ్ దక్షిణపు ఒడ్డున, డోర్సెట్‌లోని పోర్ట్‌లాండ్. పేరుకు దీవి. చెసిల్ బీచ్ అనే గులకరాళ్ల కట్ట దాన్ని ఒడ్డుకు కలిపేసింది కాబట్టి వేమత్ నుంచి బస్సు నేరుగా వచ్చేస్తుంది. దీవంతా సున్నపురాయి. పాత క్వారీలో దక్షిణానికి తిరిగిన వాలు మీద, ఎండకు వెచ్చబడిన పలకను ఒక పక్క నుంచి కొంచెం ఎత్తి చూశాను. నువ్వుగింజంత చీమలు, పసుపు కలిసిన గోధుమ రంగు. గండుచీమలైతే ఈపాటికి చేతి మీదికి పాకేవి. ఇవి ఒక్క క్షణం ఆగి, తెల్లటి లార్వాలను నోట కరుచుకుని చీకటి ఉన్న వైపుకు జరిగాయి. పలకను దించేశాను. ఎత్తిన రాయిని అదే అంచు మీద, అదే ముఖంతో దించడం ఇక్కడ పాటించాల్సిన మొదటి మర్యాద.

ఏప్రిల్ 15

గుర్తుపట్టడం నడుముతో మొదలవుతుంది. పేవ్‌మెంట్ల మీద తిరిగే మామూలు నల్లచీమకు నడుము దగ్గర ఒకే ఒక్క పలుచటి పొలుసు ఉంటుంది. దీనికి రెండు కణుపులు. అంటే మిర్మిసినే ఉపకుటుంబం. సగం చీమల జాతులు ఈ ఒక్క చూపుతో పక్కకు పోతాయి.

తర్వాత మీసాలు. మీసంలో ముక్కలు లెక్కపెట్టాలి. భూతద్దం కింద ఇదేమంత సుఖమైన పని కాదు. ముక్కలు పదకొండు ఉంటే అది లెప్టోథొరాక్స్ అసెర్వోరమ్, దీనికి దగ్గరి చుట్టం. పన్నెండు ఉంటే టెమ్నోథొరాక్స్. గాజుగొట్టంలో చీమ అటూ ఇటూ తిరుగుతూ మీసాలు ఆడిస్తూనే ఉంటుంది కనుక ఫోన్‌కు మాక్రో లెన్స్ తగిలించి ఫొటోలు తీసి, ఇంటికొచ్చి తెర మీద పెద్దవి చేసి లెక్కపెట్టాను. పన్నెండే.

బ్రిటన్‌లో టెమ్నోథొరాక్స్‌లు కొన్నే. నైలాండెరి అనేదానికి వీపు మీద, రొమ్ము వెనక భాగం మొదలయ్యేచోట, స్పష్టంగా ఒక గాడి కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే వీపు గీత అక్కడ దిగి లేస్తుంది. అది అడవి చీమ. ఎండుపుల్లల్లోనూ, బోలుగా మారిన ఓక్ కాయల్లోనూ ఉంటుంది. ఇంటెరప్టస్‌కు వెనక ముళ్లు పొడుగు, వంపు. యూనిఫాసియాటస్‌కు మీసాల చివర కూడా పసుపే. పైగా బ్రిటన్‌కు సంబంధించి అది చానెల్ దీవుల్లోనే ఉంది. నా చీమకు వీపు మీద గాడి లేదు, ముళ్లు పొట్టి, మీసాల చివర గదలాగా లావెక్కిన ముక్కలు మిగతా మీసం కన్నా నల్లగా ఉన్నాయి. పొట్ట మీద ఒక ముదురు పట్టీ.

టెమ్నోథొరాక్స్ ఆల్బిపెన్నిస్.

ఏప్రిల్ 20

ఈ పేరు స్థిరపడేదాకా చాలా కథ నడిచింది. జాన్ కర్టిస్ 1854లో దీనికి ఆల్బిపెన్నిస్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఆ పేరు మరుగున పడింది. బ్రిటన్ పుస్తకాల్లో ఇదే చీమ ట్యూబెరమ్‌గానూ, పరిశోధన పత్రాల్లో ట్యూబెరోఇంటెరప్టస్‌గానూ తిరిగింది. 1992లో నైజెల్ ఫ్రాంక్స్ బృందం దీని గోడల గురించి రాసిన ప్రసిద్ధ పత్రంలో కూడా ఆ రెండో పేరే ఉంది. 1998లో ఓర్లెడ్జ్ అనే శాస్త్రవేత్త పాత నమూనాలనూ కొత్తవాటినీ సరిపోల్చి, ఇవన్నీ కర్టిస్ చెప్పిన చీమే అని తేల్చాడు. అయిదేళ్లకు, 2003లో, బారీ బోల్టన్ చీమల వర్గీకరణను సరిదిద్దుతూ వీటిని లెప్టోథొరాక్స్ నుంచి విడదీసి టెమ్నోథొరాక్స్‌లో పెట్టాడు. పదేళ్ల వ్యవధిలో ఒకే క్వారీ నుంచి తెచ్చిన ఒకే చీమ మూడు పేర్లతో పత్రికల్లో కనిపిస్తుంది.

పేర్ల గొడవ ఎందుకు అనేవాళ్లుంటారు. పాత పత్రాలు వెతకాలంటే ఈ గొడవ తెలియాలి. అంతే.

మే 6

బ్యాంక్ హాలిడే. క్వారీ నిండా జనం. శిల్పాలు చూడడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఈ టౌట్ క్వారీలో వదిలేసిన రాళ్లనూ గోడలనూ 1983 నుంచి శిల్పులు చెక్కుతున్నారు.

పోర్ట్‌లాండ్ రాయంటే ఇళ్లు కట్టేవాళ్లకు గౌరవం. లండన్ మహా అగ్నిప్రమాదం తర్వాత క్రిస్టఫర్ రెన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌ను ఈ రాయితోనే కట్టాడు. వైట్‌హాల్‌లోని సెనటాఫ్ యుద్ధ స్మారకం కూడా ఇదే రాయి. అయితే ఆ మేలిరాయి అడుగున ఉంటుంది. దాని పైన, తర్వాతి కాలంలో పేరుకున్న పలుచటి పొరల సున్నపురాయి ఉంటుంది. కట్టడానికి పనికిరాదని దాన్ని తీసి పక్కన పోశారు, వందల ఏళ్ల పాటు. ఆ పారబోతలే ఇవాళ ఈ చీమల బస్తీలు. పొరపొరలుగా విడిపోయే రాయి ఎక్కడుంటే అక్కడ చదునైన సందులు ఉంటాయి. వాన నీరు కిందికి జారిపోతుంది, పైన మట్టి వేలెడు కూడా ఉండదు కాబట్టి పెద్ద చెట్లు లేచి నీడ వేయవు. మనిషి మేలిరాయి ఎత్తుకుపోయి చెత్తరాయి వదిలాడు. చీమకు కావలసింది ఆ చెత్తే.

నాయన బేతంచర్ల నాపరాళ్ల క్వారీలో చాలా కాలం పనిచేశాడు. పొర ఎక్కడుందో ఉలితో అంచు తట్టి చెప్పేవాడు. మా నాపరాయిని భూగర్భశాస్త్రం నార్జి సున్నపురాయి అంటుంది. ఈ పోర్ట్‌లాండ్ రాయి జురాసిక్ యుగం చివరిది, కొన్ని పొరల్లో నత్తల, ఆల్చిప్పల అచ్చులు గుత్తులు గుత్తులు. మా రాయిలో ఒక్క గవ్వ అచ్చు కూడా కనపడదు. భూమ్మీద పెంకు ఉన్న జీవి రాకముందే అది గట్టిపడింది. వయసులో ఎంత తేడా ఉన్నా, రెండూ బండలుగా ఊడివచ్చే తీరు మాత్రం ఒకటే. ఇక్కడి పారబోత గుట్టల మధ్య నడుస్తుంటే బేతంచర్ల రైల్వేస్టేషన్ బయట ఉన్నట్టే ఉంటుంది, చలి తప్ప.

మే 12

అమ్మ ఫోన్.

"ఆదివారం కూడా ఇంట్లో ఉండవా? ఏడికి పోయినావు?"

"చీమల్ని చూసేకి."

"దానికి బస్సెక్కి పోవల్లనా? మన వంటింట్లో బెల్లం డబ్బా కాడికి రా, కావలసినన్ని."

పుట్ట పెట్టని చీమ అని చెబితే నమ్మలేదు. ఏడు చేపల కథలో చీమ కుట్టిందే తన పుట్టలో వేలు పెట్టినందుకు గదా, పుట్టే లేకుంటే అది ఎందుకు కుడుతుంది అంది. నిజమే, ఇది కుట్టదు. కొండి ఉంది గానీ మన చర్మంలో దిగేంత లేదు.

మే 25

పుట్ట లేదన్నాను గానీ గోడ ఉంది. సందు ఎప్పుడూ సరిగ్గా కుటుంబానికి సరిపడేంత ఉండదు కదా. ఖాళీ ఎక్కువైతే చుట్టూ ఇసుక రేణువులతో, రాతి పొడితో వలయంగా గోడ కట్టుకుంటుంది, ఒకటో రెండో ద్వారాలు వదిలి.

కట్టే పద్ధతి చిత్రంగా ఉంటుంది. గోడ ఎక్కడ రావాలో ఏ చీమకూ ముందుగా తెలియనక్కర్లేదు. బయట రేణువు ఏరుకుని ద్వారం గుండా లోపలికి వస్తుంది. మధ్యలో రాణి, పిల్లలు, వాళ్లను చుట్టుకుని తోటి చీమలు గుమిగూడి ఉంటాయి. ఆ గుంపు దగ్గరదాకా వచ్చి, బయటి వైపుకు తిరిగి, రేణువును నెట్టుకుంటూ పోతుంది. అది ముందే ఉన్న రేణువులకు తగిలి ఇక కదలనప్పుడు వదిలేస్తుంది. ఇంతే. గుంపు ఎంత పెద్దదైతే గోడ అంత దూరంగా లేస్తుంది. కొలత బద్ద కుటుంబమే. ఫ్రాంక్స్ బృందం దీన్ని గుడ్డి బుల్డోజర్ పని అని వర్ణించింది. పెద్ద రేణువులు, చిన్న రేణువులు రెండూ అందుబాటులో పెడితే రెండూ కలిపి వాడతాయి. పెద్దవాటి మధ్య చిన్నవి ఇరుక్కుని గోడ గట్టిగా కుదురుతుంది.

ప్రయోగశాలలో దీనికి ఇల్లు ఇవ్వడం చాలా తేలిక. రెండు మైక్రోస్కోప్ గాజు పలకలు, మధ్యలో అంచుల వెంట ఒక అట్టముక్క, దానిలో ఒక గంటు. సున్నపురాతి సందుకు బదులు ఇది సరిపోతుంది. కుటుంబం మొత్తం గాజు కింద కనిపిస్తుంది. ఒక్కో చీమకు ఒక్కో రకంగా రంగుచుక్కలు పెట్టి ఎవరు ఏం చేస్తున్నారో రాసుకోవచ్చు. పుట్ట తవ్వే చీమతో ఇది కుదరదు. ప్రపంచంలో మనుషులు ఇంత క్షుణ్ణంగా పరిశీలించిన చీమలు కొన్నే ఉండడానికి కారణం దీని తెలివి ఒక్కటే కాదు, దీని ఇంటి ఆకారం కూడా.

జూన్ 2

పలకరాతి సందు నమ్మదగిన ఇల్లు కాదు. మంచుకు పగులుతుంది, గొర్రె కాలు తగిలినా జరుగుతుంది. కాబట్టి ఈ చీమకు ఇల్లు కట్టడం కన్నా ఇల్లు ఎంచుకోవడమే అసలు విద్య. నాకు ఈ చీమ మీద ఇంత ఇష్టం కలగడానికి ఇదే కారణం. సున్నపురాయికి అలవాటుపడడం అంటే ఒంట్లో ఏదో మార్పు ఉంటుందనుకుంటాం. ఇక్కడ అలవాటు ఒంట్లో తక్కువ, నిర్ణయంలో ఎక్కువ.

ఏం చూస్తుంది? చీకటిగా ఉందా, పైకప్పు ఎత్తు చాలినంత ఉందా, ద్వారం ఇరుకుగా ఉందా, నేల విస్తీర్ణం సరిపోతుందా. లోపల తమవాళ్ల శవాలు పడి ఉంటే ఆ ఇల్లు వద్దంటుంది. అన్నీ ఒకేచోట దొరకనప్పుడు వాటిలోనూ ముందూ వెనకా ఉన్నాయి. చీకటికి పెద్దపీట, తర్వాత ఎత్తు, ఆ తర్వాతే ద్వారం. మనం అద్దె ఇళ్లు చూసేటప్పుడు ఇంత స్పష్టంగా ఉండం.

జూన్ 3

కటిక చీకట్లో విస్తీర్ణం ఎలా కొలుస్తుంది? 2000లో మాలన్, ఫ్రాంక్స్ ఇచ్చిన జవాబు చదివి రాత్రి చాలాసేపు కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. కొత్త సందులోకి వెళ్లిన చీమ మొదటిసారి అంతా తిరిగి, తన సొంత వాసన గీత నేల మీద వదిలి వస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు మళ్లీ తిరుగుతూ, ఆ పాత గీతను ఎంత తరచుగా దాటుతున్నానో గమనిస్తుంది. చోటు చిన్నదైతే దాటడాలు ఎక్కువ, పెద్దదైతే తక్కువ. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు బుఫాన్, గీతలు గీసిన నేల మీద సూదులు విసిరితే ఏమవుతుందో లెక్కగట్టిన సంభావ్యతా సూత్రానికి ఇది దగ్గరి బంధువు.

గోడల వెంబడి తిరిగి చుట్టుకొలత కొలుస్తుందేమో అన్న అనుమానాన్నీ వాళ్లు వదిలిపెట్టలేదు. ఆకారాలు మార్చి, మధ్యలో అడ్డుగోడలు పెట్టి చూశారు. చీమ మోసపోలేదు.

జూన్ 16

చీమలంటే మన కళ్లకు బారులు. ఈ చీమ ఇల్లు మారేటప్పుడు బారు కట్టదు. జంటలుగా నడుస్తుంది.

మంచి సందు చూసి వచ్చిన చీమ ఇంకొకదాన్ని వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. వెనకది తన మీసాలతో ముందుదాని కాళ్లనూ పొట్టనూ తడుముతూ ఉండాలి. ఆ స్పర్శ ఆగిందా, ముందుది కూడా ఆగిపోతుంది. వెనకది చుట్టుపక్కల ఒక చక్కరు కొట్టి, దారి గుర్తులు చూసుకుని, మళ్లీ వచ్చి తడితేనే ప్రయాణం సాగుతుంది. ఒంటరిగా పోతే పట్టే సమయానికి ముందుదానికి దాదాపు నాలుగింతలు పడుతుంది. అయినా ఆగుతుంది. 2006లో ఫ్రాంక్స్, రిచర్డ్‌సన్ ఇద్దరూ నేచర్ పత్రికలో దీన్ని చదువు చెప్పడం అన్నారు. తెలియనివాడి ఎదుట తన తీరు మార్చుకోవాలి, అందువల్ల తనకు నష్టం ఉండాలి, నేర్చుకునేవాడు తనంతట తాను నేర్చుకునే దానికన్నా త్వరగా నేర్చుకోవాలి. ఈ మూడు షరతులకూ చీమ నిలబడింది. అప్పటిదాకా మనుషులు తప్ప ఏ జంతువు విషయంలోనూ ఇంత గట్టి రుజువు లేదు. దారి చూపడం వేరు, చదువు చెప్పడం వేరు అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన అక్కర్లేని పట్టింపని నా అభిప్రాయం. ఆగి, వెనకవాడి కోసం చూసినవాడే గురువు.

ఇలా ఒక్కొక్కరే వచ్చి, కొత్త ఇంట్లో తోటివాళ్లు తగినంత తరచుగా ఎదురుపడుతున్నారు అనిపించగానే పద్ధతి మారిపోతుంది. ఇక నడిపించడం లేదు, మోయడమే. పాత ఇంటికి పోయి పిల్లల్నీ, మిగతా పెద్దల్నీ నోట కరుచుకుని తెచ్చేస్తారు. జంట నడక కన్నా ఇది మూడింతల వేగం. మోయబడే చీమ తలకిందులుగా, వెనక్కు తిరిగి, ఒళ్లు ముడుచుకుని ఉంటుంది కాబట్టి దారి నేర్చుకోదు. నేర్పడానికి ఒక వేళ, సామాను సర్దడానికి ఒక వేళ. ఇల్లు కూలిపోయి, గాలి కొడుతుంటే ఆ "తగినంతమంది" లెక్కను కూడా తగ్గించుకుంటాయి. తొందరలో తప్పు ఇల్లు పడే ప్రమాదం ఉన్నా సరే.

జూన్ 17

నిన్నటిది రాస్తుండగా గుర్తొచ్చింది. జంట నడక మన దేశపు చీమల్లోనూ ఉంది. డయకమ్మా ఇండికం, రాణి అంటూ లేని నల్లటి పెద్ద చీమ. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో సుమన అన్నగిరి బృందం ఏళ్లుగా దీని వలసలను గమనిస్తోంది. అందులో పెద్దల్ని మోయడం కన్నా ఒక్కొక్కరినీ నడిపించుకు రావడమే ప్రధాన పద్ధతి. దాని దగ్గరి చుట్టం డయకమ్మా రుగోసమ్ గూటి ద్వారం చుట్టూ పిట్టల ఈకలు పేర్చి, వాటి మీద కురిసిన మంచు నీరు తాగుతుందని మార్క్ మాఫెట్ 1985లో రాశాడు. ఎండిన నేల మీద బతికే తీరు ఒక్కో చీమకు ఒక్కోలా ఉంది. ఈసారి ఊరికి పోయినప్పుడు చేని గట్ల మీద ఈకల కోసం చూడాలి.

జూన్ 23

ఇవాళ చీమలకన్నా సీతాకోకచిలుకలే ఎక్కువ కనిపించాయి. సిల్వర్ స్టడెడ్ బ్లూ, రెక్క అడుగున వెండి చుక్కలు. దీని గొంగళిపురుగులకు నల్లచీమలు కాపలా, బదులుగా తీపి చుక్క. సున్నపురాతి మీద పొట్టిగా పెరిగే గడ్డి, వెచ్చటి నేల రెండింటికీ కావాలి. నా చీమకు ఈ వ్యవహారంతో సంబంధం లేదు. అందంగా ఉన్నాయని రాసుకున్నాను.

జూలై 7

ఒక మాట సరిచూసుకోవాలి. ఇది సున్నపురాయి చీమేనా? డెవన్, కార్న్‌వాల్ ఒడ్డుల్లో సున్నపురాయి కాని బండల సందుల్లో కూడా ఉంది. అంటే రాతిలోని సున్నంతో దానికి పనిలేదు. వెచ్చదనం, ఆరుదల, చదునైన పలుచటి సందు కావాలి. ఈ మూడూ ఇంగ్లండ్‌లో ఒకేచోట దొరికేది ఎక్కువగా దక్షిణపు తీరంలోని రాతి నేలల్లోనే. పలుచటి పలక పొద్దున్నే త్వరగా వేడెక్కుతుంది, లార్వాలకు ఆ వేడి కావాలి. చల్లని దేశంలో ఉత్తరపు అంచున బతికే జీవికి ఒక్క డిగ్రీ కూడా లెక్కే. రసాయనం కాదు, ఆకారం. పుస్తకాల్లో "సున్నపురాతి నేలల్లో" అని కనిపించినప్పుడల్లా ఈ సంగతి పక్కన రాసుకోవాలి.

జూలై 28

రెక్కల మగచీమలు. రెక్కలు తెల్లగా, దాదాపు పాల రంగులో. తెల్లరెక్కలది అని అర్థం వచ్చే ఆల్బిపెన్నిస్ పేరు కర్టిస్ ఎందుకు పెట్టాడో అర్థమైంది. గాలి లేని మధ్యాహ్నం, పలక అంచు మీద నిలబడి ఎగరాలా వద్దా అన్నట్టు కాసేపు ఉండి, మళ్లీ లోపలికి పోయాయి. వాటికి ఏం నచ్చలేదో.

ఆగస్టు 11

ఇల్లు చెడిపోతేనే మారతాయి అనుకుంటాం. కాదు. ఉన్న ఇల్లు బాగానే ఉన్నా, దగ్గర్లో అంతకన్నా మంచిది కనబడితే మారతాయని 2004లో డోర్న్‌హాస్, ఆమె సహచరులు చూపించారు. బాగా ఉన్న రోజుల్లో కూడా కొన్ని చీమలు చుట్టుపక్కల ఖాళీ సందులు చూసి పెట్టుకుంటాయి. పనికిరానివాటిని కూడా గుర్తుంచుకుని, తర్వాత ఆపద వచ్చినప్పుడు వాటి జోలికి పోవు. అంటే ఒక కుటుంబం బతకడానికి ఒక సందు చాలదు. చుట్టూ ఖాళీ సందులు చాలా ఉండాలి. ఖాళీగా కనిపించే రాయి ఖాళీ కాదు, ఎవరో చూసి పెట్టుకున్నది.

సెప్టెంబర్ 8

దారి పక్కన రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోపురాలు ఎక్కువయ్యాయి. ఎవరో ఒకరు మొదలుపెడతారు, ఫొటో దిగుతారు, తర్వాత వచ్చినవాళ్లు ఇంకో రాయి. పేర్చడానికి అందరూ వెతికేది చదునైన పలుచటి పలకలే. చీమలు వెతికేవీ అవే.

ఏడేనిమిదేళ్ల పిల్లవాడు, వాళ్లమ్మ కడుతున్నారు. పలకల అడుగున ఎవరుంటారో చెప్పాను. పిల్లవాడు వెంటనే బోర్లా పడుకుని సందులోకి చూశాడు. వాళ్లమ్మ మాత్రం కొలతలు అడిగింది, ఎంత ఎత్తు ఉండాలి, ఎంత వెడల్పు అని. ఎత్తు రెండు మిల్లీమీటర్లు అన్నాను. గోపురంలోంచి పైన రెండు రాళ్లు తీసి, వాలు మీద ఒకదాని మీద ఒకటి బోర్లించి, మధ్యలో కారు తాళంచెవి పెట్టి, ఇది సరిపోతుందా అని నన్ను అడిగింది. కొంచెం ఎక్కువైంది అన్నాను. బ్యాంకు కార్డు తీసింది.